గరాజ్‌లో టకటక

అరోరా
21 డిసెంబర్ 2025

వదినగారికి,
మనీషా నమస్కారాలు.

ఫోన్ వద్దు, తీరిగ్గా మెయిల్ రాయమన్నారు కదా, రాస్తున్నాను. అదే మంచిది లెండి. ఫోన్లో మీరు నన్ను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వరు. పైగా మీ గొంతు వింటే నాకు ఏడుపొస్తుంది, నేను ఏడిస్తే మీరూ మొదలుపెడతారు, పక్క గదిలో అన్నయ్యగారేమో మీటింగ్‌లో ఉంటారు.

మీ తమ్ముడు మూడు వారాల్లో వచ్చేస్తానని పాస్‌పోర్ట్ మీద వీసా స్టాంపు కోసం హైదరాబాద్ వెళ్ళారు. తీరా వెళ్ళాక కాన్సులేట్‌వాళ్ళు అపాయింట్‌మెంట్ మార్చికి జరిపారు. ఇక్కడ నేనూ, ఏడేళ్ళ నైనికా, మోకాలిలోతు మంచు. ఆయన ఉద్యోగం మీద నాకున్న హెచ్-4 వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. అది చేతికి రాకుండా దేశం దాటితే అప్లికేషన్ పోయినట్టేనని లాయర్ చెప్పాడు. జనవరిలో నా డ్రైవింగ్ లైసెన్స్ కూడా ఎక్స్‌పైర్ అవుతుంది, ఆ తర్వాత పాలపాకెట్టుకి కూడా ఒకరిని అడుక్కోవాల్సిందే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నిజం చెప్పాలంటే, పోతే పోనీ వదినా ఆ అప్లికేషన్. నైనికని తీసుకుని హైదరాబాద్ వెళ్ళిపోవాలని ఉంది నాకు. ఈ మాట ఆయనతో అనలేకపోతున్నాను. తొమ్మిదేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్న ఉద్యోగం, గ్రీన్‌కార్డ్ క్యూ, అన్నీ నా వల్లే పోయాయని రేపు అనుకుంటారేమోనని భయం. ఫోన్ చేసినా స్లాట్ల గురించే మాట్లాడుకుంటున్నాం. మీరే మెల్లగా కదిపి చూడండి. మీరు చెబితే కాదనరు.

పొద్దున్నే నైనికని బస్ ఎక్కించి మళ్ళీ పడుకుంటున్నాను. మధ్యాహ్నం దాకా లేవబుద్ధి కావడం లేదు. గరాజ్‌లో ఆయన మోటార్‌సైకిల్ మీద భద్రంగా దుప్పటి కప్పి వెళ్ళారు మహానుభావుడు. నాకు కప్పడం మర్చిపోయారు.

ఉంటాను. మీ గుత్తొంకాయ కారం అయిపోయింది, వీలైతే పంపండి.

మీ మరదలు
మనీషా


ప్లేనో
23 డిసెంబర్ 2025

చిరంజీవి సౌభాగ్యవతి మనీషాకి,
వదిన దమయంతి దీవెనలు. (సౌభాగ్యవతి అని రాస్తే నవ్వుతావని తెలుసు. నవ్వు. నవ్వి ఎన్నాళ్ళయిందో.)

మధ్యాహ్నం దాకా పడకేంటే? ఒంట్లో బాగా లేదా, మనసు బాగా లేదా? రెండోదైతే మందు నా దగ్గరుంది, ముందు చదువు.

నీ మాట తమ్ముడితో అన్నాను. వాడు వద్దన్నాడు. "అక్కా, ఎక్కడివాళ్ళని అక్కడే ఉండమను, మార్చిలో వచ్చేస్తాను" అన్నాడు. కాబట్టి ఆ ఆలోచన కట్టిపెట్టు. ఇంకో సంగతి గట్టిగా చెప్పమన్నాడు. బండి రోజూ పొద్దున్నే స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచాలట. లేకపోతే చచ్చి ఊరుకుంటుందట. మా నాన్నకి కాకినాడలో స్కూటర్ ఉండేది. వాన రానీ, వరద రానీ, పొద్దున్నే గుమ్మం ముందు స్టార్ట్ చేసిపెట్టి, దాని పక్కనే నిలబడి పళ్ళు తోముకునేవారు. ఇరవై ఏళ్ళు నడిచింది ఆ బండి. తమ్ముడికి ఆ అలవాటు నాన్న నుంచే వచ్చింది.

గరాజ్ తలుపు పైకెత్తి ఉంచు, పొగ ఇంట్లోకి రాకూడదు. స్టార్ట్ చేశాక నాకో మెసేజ్ పెట్టు. నేను వాడికి చెబుతాను. వాడు నీకే చెప్పొచ్చుగా అంటావేమో. మా ఇంట్లో మొదట్నుంచీ ఇంతే. నాన్న మాట అమ్మకి మా మేనత్త నోటి మీదుగానే చేరేది, అమ్మ మాటా అంతే. దానివల్ల మా ఇంట్లో పోట్లాట అన్నది ఎరగం.

మీ అన్నయ్యగారికి ఏ లోటూ లేదు. చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని ఆఫ్‌షోర్ టీమ్‌తో కాపురం చేస్తున్నారు. ఆదివారం తెలుగు బడిలో మాయ అనే పిల్ల "టీచర్, ఱ ఎందుకు?" అని అడిగింది. ఇంకోసారి దిద్దమన్నాను. కారం పంపాను.

రేపు పొద్దున్న మెసేజ్ కోసం చూస్తుంటాను.

నీ వదిన


అరోరా
18 జనవరి 2026

వదినగారికి నమస్కారాలు.

కారం చేరింది. సీసా మూత ఊడి పెట్టె నిండా పరుచుకుంది, అయినా ఊడ్చుకుని తింటున్నాం.

మీరు చెప్పినట్టే చేస్తున్నాను. నైనిక బస్‌కి ముందే ఇద్దరం గరాజ్‌లోకి వెళ్తున్నాం. అది పైజమా మీదే జాకెట్ వేసుకుని, ట్యాంకు మీద కుంకుమ బొట్టు పెట్టి "స్టార్ట్, మమ్మీ!" అంటుంది. తలుపు ఎత్తగానే చలిగాలి మొహం మీద కొడుతుంది. మొదట్లో మిమ్మల్ని తిట్టుకున్నాను. కానీ ఒప్పుకోవాలి, పది నిమిషాలు నిలబడ్డాక మళ్ళీ మంచం ఎక్కబుద్ధి కావడం లేదు. కాఫీ పెట్టుకుంటున్నాను, స్నానం చేస్తున్నాను, మనిషిలా ఉంటున్నాను. ఆయన అంత దూరం నుంచి ఆలోచించి చెప్పారు కదా అని కొంచెం మురిసిపోయాను కూడా.

ఇప్పుడు అసలు సంగతి. బండిలోంచి టకటక మని చప్పుడు వస్తోంది. ఇంజన్ పక్కన ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టు ఉంటుంది. మొదట్లో ఒక నిమిషం కొట్టి ఆగిపోయేది, ఇప్పుడు పది నిమిషాలూ ఆగడం లేదు. మీకు విసుగనిపించినా కారణం చెబుతాను. నా మెకానికల్ బీటెక్ పెళ్ళయ్యాక ఇదిగో, ఇన్నేళ్ళకి పనికొచ్చింది. ఇంజన్‌లో వాల్వులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాలి. వాటిని కింద నుంచి ఎత్తే ఉక్కు గూటాల్లాంటివి ఉంటాయి, లిఫ్టర్లంటారు. వాటి కడుపులో ఆయిల్ నిండి ఉంటే మెత్తగా ఎత్తుతాయి. ఆయిల్ సరిగ్గా అందకపోతే సందు ఏర్పడి కొట్టుకుంటాయి. రాత్రంతా నిలబడ్డ బండి పొద్దున్నే కాసేపు అలా చప్పుడు చేస్తే ఫరవాలేదు. ఆగకుండా చేస్తేనే భయం.

మీ తమ్ముడికి మాత్రం చెప్పకండి. అసలే అక్కడ ఇరుక్కుపోయి ఉన్నారు, గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుంది. మొన్న రెండు రోజులు స్టార్ట్ చెయ్యలేదు, చప్పుడుకి భయమేసి.

లైసెన్స్ అయిపోయింది. కారు వాకిట్లో ఉంది, తాళం చేతిలో ఉంది. అదితి వాళ్ళు శనివారాలు షాపుకి తీసుకెళ్తున్నారు. అదితి భర్త మానవ్, మీ తమ్ముడితో కలిసి బండి మీద తిరిగేవాడు, ఆఫీస్ ఫ్రెండు.

మనీషా


ప్లేనో
22 జనవరి 2026

మనీషాకి దీవెనలు.

రెండు రోజులు నీ మెసేజ్ లేకపోతే నాకు అన్నం సయించలేదు తెలుసా? మూడో రోజు మీ అన్నయ్యగారు హెడ్‌సెట్ తీసి మరీ "ఏమైంది దమయంతీ" అని అడిగారు. అది మా ఇంట్లో పెద్ద విశేషం.

చప్పుడంటే భయపడి మానేస్తారా ఎవరైనా? మనిషికి కీళ్ళు పట్టేస్తే నడవమంటారు గానీ పడుకోమంటారా? పది కాదు, పదిహేను నిమిషాలు ఉంచు. కొంచెం గట్టిగా ఎక్సలేటర్ ఇవ్వు. నాన్న అలాగే చేసేవారు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. తమ్ముడి మీద కోపం బండి మీద చూపిస్తున్నావా? అత్త మీద కోపం దుత్త మీద చూపిందట నీలాంటిదే. వాడు కావాలని ఉండిపోలేదు కదా అక్కడ. వాడికి ఆ బండంటే ప్రాణం. వాడు వచ్చేసరికి అది మూలపడి ఉంటే ఏం చెబుతాం? పైగా బండి కదులుతుంటే ఇల్లు కదులుతున్నట్టు ఉంటుంది, ఏమంటావు?

అక్షయ్ సియాటిల్‌లో కొత్త ఇంట్లోకి మారాడట. ఫోటో పెట్టాడు. నా కొడుకు ఇంట్లో సోఫా ఏ రంగో ఫోటో చూసి తెలుసుకున్నాను. సర్లే, వాడికి పనులుంటాయి.

రేపు మెసేజ్ పెట్టడం మర్చిపోకు.

వదిన


అరోరా
15 ఫిబ్రవరి 2026

వదినగారికి,

కోపంతోనే రాస్తున్నాను, ముందే చెబుతున్నాను.

బండి స్టార్ట్ చెయ్యడం ఆపేశాను. ఇక చెయ్యను. మీరు పొద్దున్నే "స్టార్ట్ చేశావా" అని పెట్టే మెసేజ్ చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. మీకు కావలసింది బండి క్షేమమా, నా క్షేమమా? మీ మెసేజ్‌ల్లో నేను తిన్నానా, నైనిక జ్వరం తగ్గిందా అని ఒక్కటి లేదు.

పోయిన వారం శనివారం మానవ్ వస్తే ఇద్దరం ఆయిల్ చూశాం. ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగితే దాని మీద తెల్లగా, చిక్కటి మజ్జిగ పూసినట్టు ఉంది. నీళ్ళు వదినా! ఇంజన్ బాగా వేడెక్కితే లోపలి చెమ్మ ఆవిరైపోతుంది. ఇంత చలిలో పది నిమిషాలు నిలబెట్టి ఆపేస్తే ఆ చెమ్మంతా ఆయిల్లోనే కలుస్తుంది. రోజూ అదే చేశాం. బొట్టు పెట్టి మరీ చేశాం. పాత ఆయిల్ తీసేసి, పుస్తకంలో రాసిన ఆయిలే కొత్తది పోశాం. వారం రోజులు చప్పుడు తగ్గింది. నేను మురిసిపోయి పాయసం కూడా చేశాను. నిన్న మానవ్ బండి బయటికి తీసి రోడ్డు మీద తిప్పి తెచ్చాడు. ఇంజన్ కాలిపోయేంత వేడిగా ఉన్నా టకటకమంటూనే ఉంది. వేడిలో కూడా కొడుతోందంటే లిఫ్టర్ పాడైనట్టే. ఇంకా తిప్పితే దాని పొడి ఇంజనంతా పాకి అన్నిటినీ తినేస్తుంది. విప్పి చూడాలి.

నాకు అర్థం కానిది ఒకటుంది. మీ తమ్ముడు ఆ బండి మాన్యువల్ మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివిన మనిషి. చలికాలంలో ఊరికే స్టార్ట్ చేసి ఆపకూడదని దానిలో రాసే ఉంది, నేను చదివాను. ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది? మరి అలా ఎందుకు చెప్పమన్నారు మీకు?

మార్చి 12 కోసం కాలెండర్‌లో నైనిక చుక్క పెట్టింది. "డాడీ స్టాంప్ డే" అని రాసుకుంది.

మనీషా


ప్లేనో
19 ఫిబ్రవరి 2026

మనీషాకి,

నీ కోపం చదివాను. పెద్దదాన్ని, పడతాను.

నైనిక జ్వరం సంగతి నాకెవరు చెప్పారు? నువ్వు చెబితే కదా తెలిసేది! ఇప్పుడెలా ఉంది? మిరియాల చారు పట్టు.

ఇంకో సంగతి. ఇది నేను అనడం కాదు, అన్న మాట నీకు చేరవెయ్యడం నా ధర్మం. మీ గుడిలో ఛాయాదేవిగారని ఉంటారు చూడు, మా కాకినాడ వాళ్ళే. ఫోన్ చేసి, "మీ మరదలి గరాజ్‌లో శనివారాలు ఎవరో కుర్రాడు గంటలు గంటలు ఉంటున్నాడటగా, మొగుడు ఊళ్ళో లేనప్పుడు ఇదేం చోద్యం" అంది. నేను చెడామడా దులిపేశాను ఆవిడని. నాకు నీ మీద నమ్మకం. కానీ గరాజ్ తలుపు ఎత్తి ఉంటే వీధి వీధంతా చూస్తుంది, లోకానికి పనేముంది. ఆ విప్పడాలూ పీకడాలూ ఇప్పుడెందుకు? ఉన్నదాన్ని ఉన్నట్టు రోజూ కాసేపు స్టార్ట్ చేసుకుంటూ ఉండకూడదూ?

మార్చి మీద మరీ ఆశ పెట్టుకోకు. పిల్లతో చుక్కలు పెట్టించకు. స్లాట్లంటే ఎన్నిసార్లు మారలేదు.

వదిన


అరోరా
8 మార్చి 2026

వదినగారికి,

మానవ్ గరాజ్‌లో ఉన్నప్పుడు అదితి నా వంటింట్లో ఉప్మా తింటూ ఉంటుంది. ఛాయాదేవిగారికి ఈ ధర్మం కూడా చేరవెయ్యండి.

బండి విప్పాం. పుస్తకం నేను చదువుతూ ఉంటే మానవ్ స్పానర్ తిప్పాడు. ఆ తర్వాత అతను చదివాడు, నేను తిప్పాను. నాలుగు లిఫ్టర్లూ బయటికి తీశాం. అడుగున చిన్న చక్రం లాంటిది ఉంటుంది, నున్నగా అద్దంలా ఉండాలి. ముందువైపు సిలిండర్‌ది ఒకటి తుప్పు తిని, గుంటలు పడి, చేత్తో తిప్పితే గరగరలాడుతోంది. ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే ముడతల మధ్య మెరుపు పొడి. నాకు అంత దుఃఖం ఎందుకొచ్చిందో తెలీదు. గట్టిగా ఏడ్చేశాను అక్కడే, అదితి గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

అప్పుడు ఫోన్ తీశాను. మీకు కాదు, ఆయనకి. ఆ లిఫ్టర్ వీడియోలో చూపించి, "మీరు రోజూ స్టార్ట్ చెయ్యమన్నారు, చేశాను, చూడండి ఏమైందో" అన్నాను.

ఆయన మొహం చూడాల్సింది మీరు. "స్టార్ట్ చెయ్యమని ఎవరు చెప్పారు? బ్యాటరీకి చార్జర్ తగిలించే కదా వచ్చాను. దాన్ని ముట్టుకోనక్కర్లేదు" అన్నారు.

"వదిన చెప్పారు, మీరు చెప్పమన్నారని."

లేచి వెళ్ళి గది తలుపు వేసి వచ్చారు. తర్వాత, "అక్క నీకేమీ చెప్పలేదా మనీ? బండి అమ్మేయమని జనవరిలోనే చెప్పమన్నాను" అన్నారు.

"ఎందుకు అమ్మాలి?"

"నేను మార్చి స్లాట్ క్యాన్సిల్ చేసుకున్నాను. రావాలని లేదు. ఇక్కడ ఫ్రెండు కంపెనీలో ఏప్రిల్‌లో జాయిన్ అవుతున్నా. ఇక్కడ ఊపిరాడుతోంది నాకు. నీకు నేను చెప్పలేక అక్కని చెప్పమన్నాను."

ఫోన్ పెట్టేశాను. ఇంకో మాట వినే ఓపిక లేదు. నైనిక చుక్క పెట్టిన కాలెండర్ తీసి బీరువాలో పడేశాను.

ఈ చలిలో నేను ఎవరి కోసం కూర్చున్నాను వదినా? ఆయన ఇల్లు, ఆయన బండి, ఆయన ఉద్యోగం తిరిగొచ్చేసరికి ఉన్నవి ఉన్నట్టు ఉండాలని, అడకత్తెరలో పోకచెక్కలా ఇక్కడ ఇరుక్కుని కూర్చున్నాను. ఆయన ఉద్యోగం మానేస్తే నా హెచ్-4 కూడా పోతుంది. మొన్నటిదాకా వెళ్ళడానికి లేదు, ఇప్పుడు ఉండటానికి లేదు. ఈ సంగతి మీకు జనవరి నుంచీ తెలుసు. తెలిసి పదిహేను నిమిషాలు చెయ్యమన్నారు. ఎందుకు?

మనీషా


ప్లేనో
10 మార్చి 2026

మనీషాకి,

ఎందుకంటావా? చెబుతాను. తల వంచుకుని చెబుతాననుకోకు.

మధ్యాహ్నం దాకా మంచం దిగడం లేదని రాశావు. నేనెక్కడో టెక్సాస్‌లో ఉన్నాను. ఏం చెయ్యను? నేను లెమ్మంటే లేస్తావా? లేవవు. మొగుడు చెప్పాడంటే లేస్తావు. లేచావా లేదా? స్నానం చేశావా లేదా? నువ్వే రాశావు మనిషిలా ఉంటున్నానని. ఒక ఇనుప ముక్క పోతే పోయింది, నువ్వు నిలబడ్డావు. బండి సంగతి నాకేం తెలుసు, నాన్న చేసేవారని చెప్పాను.

జనవరిలో వాడు ఆ మాట చెప్పినప్పుడు నాకు కాళ్ళ కింద నేల కదిలిపోయింది. బండి అమ్మమని చెబితే నువ్వు అదే రోజు గ్రహించేస్తావు వాడు ఇక రాడని. కొన్నాళ్ళు ఆపితే వాడి మనసు మారుతుందనుకున్నాను. హైదరాబాద్ మొదటి రెండు నెలలూ అందరికీ బాగానే ఉంటుంది. తర్వాత ఎండలొస్తాయి, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాడు, పెళ్ళాం పిల్ల గుర్తొస్తారు, పరుగెత్తుకొస్తాడు. వచ్చేవాడే, నువ్వు ఆ ఇంజన్ విప్పకుండా ఉంటే!

ఇప్పటికీ మించిపోయింది లేదు. నువ్వొక్క మాట గట్టిగా అను. నైనిక స్కూలు ఏం కావాలి, ఇక్కడ పుట్టిన పిల్ల అక్కడెలా ఇమడుతుంది, మేం రాము అని తెగేసి చెప్పు. వాడు స్లాట్ మళ్ళీ వెతుక్కుంటాడు. పెళ్ళాం మాట కాదనే ధైర్యం వాడికి లేదు, నాకు తెలుసు. చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకోనిదే రోడ్డు దాటేవాడు కాదు. అందాకా నువ్వూ పిల్లా ప్లేనో వచ్చెయ్యండి. మేడ మీద గదులు ఖాళీగానే ఉన్నాయి. నైనికకి మా తెలుగు బడి ఉంది.

టికెట్లు బుక్ చెయ్యనా?

వదిన


అరోరా
29 మార్చి 2026

వదినగారికి,

మీ ఉత్తరం చదివాక నాలుగు రోజులు గరాజ్‌లో స్పానర్లు తుడుస్తూ కూర్చున్నాను. ఐదో రోజు ఆయనకి ఫోన్ చేశాను. ముందు పోట్లాడుకున్నాం. మీ ఇంట్లో ఎరగరన్నారే, ఆ పోట్లాట. గంటసేపు. పెళ్ళయ్యాక మేం అంత గట్టిగా అరుచుకోవడం ఇదే మొదలు. నైనిక మెట్ల మీద కూర్చుని వింది.

చివరికి నేను, "రానని నాకు చెప్పడానికి ఇంత భయమా, నేనేం పులినా?" అన్నాను.

ఆయన, "నువ్వు ఇక్కడికి రానన్నావటగా" అన్నారు.

"నేనా? ఎప్పుడు?"

"డిసెంబర్‌లోనే. అక్కని అడిగాను, మనీషాని మెల్లగా కదిపి చూడు, ఇండియా వచ్చేద్దామంటే వస్తుందేమో అని. నైనిక చదువు వదిలి ఎక్కడికీ కదలనని గట్టిగా చెప్పావంది. అప్పట్నుంచీ ఏం చెయ్యాలో తోచక..." అని ఆ మనిషి భోరుమన్నాడు వదినా.

నేను డిసెంబర్‌లో మీకు ఏం రాశాను? వెళ్ళిపోవాలని ఉంది, మీరే కదిపి చూడండని రాశాను. ఆయన వద్దన్నారని మీరు నాకు చెప్పారు. నేను వద్దన్నానని ఆయనకి చెప్పారు. ఒకే మాట అటు నుంచి ఆయన, ఇటు నుంచి నేను మీ చేతిలో పెడితే, రెండూ కొంగున ముడేసుకుని కూర్చున్నారు. నాలుగు నెలలు! ఆ చీకటి పొద్దుల్లో, మంచులో, నా పిల్ల తండ్రి కోసం ట్యాంకుకి బొట్టు పెట్టింది. మీరు ఆయన్ని ఎత్తుకుని పెంచారని నాకు తెలుసు. అయినా ఇది క్షమించడానికి నాకు చాలా కాలం పడుతుంది. క్షమించానని అబద్ధం రాయలేను.

బండి సంగతి అడుగుతారని కాదు గానీ చెబుతున్నాను. నాలుగూ కొత్త లిఫ్టర్లు తెప్పించి, ఆయిల్లో నానబెట్టి, బిగించాం. బిగించగానే ఇంజన్ తిప్పకూడదు. లోపలి ఆయిల్ సర్దుకుని అవి తమ ఎత్తుకి దిగేదాకా ఊరికే కూర్చోవాలి. మానవ్‌కి తొందర, నేను తిప్పనివ్వలేదు. తర్వాత స్టార్ట్ చేస్తే ఒకటి రెండు సార్లు టక్కుమని, ఆగిపోయింది. ఇప్పుడు గుడుగుడుమని ఒక్కటే శబ్దం. మానవ్ చాలా దూరం తిప్పి తెచ్చాక మళ్ళీ ఫిల్టర్ కోసి చూశాం, పొడి లేదు. బండి మానవ్‌కి ఇచ్చేశాం. మీ తమ్ముడే ఇవ్వమన్నారు, నాతోనే చెప్పారు.

ఏప్రిల్ 12న నేనూ నైనికా హైదరాబాద్ బయల్దేరుతున్నాం. అప్లికేషన్ విత్‌డ్రా చేశాను. ఎండలుంటాయి, ట్రాఫిక్ ఉంటుంది, నైనిక ఏడుస్తుంది. నాకు ఉద్యోగం వస్తుందో రాదో తెలీదు, బీటెక్ అయి పన్నెండేళ్ళయింది. అయినా వెళ్తున్నాం. ఇకపై మా ఇద్దరి మాటలూ మేమే చెప్పుకుంటాం, పోట్లాటలతో సహా.

వెళ్ళేలోగా వచ్చి నైనికని ఒకసారి చూసి వెళ్ళండి. అది దమ్మూ అత్త ఎప్పుడొస్తుందని అడుగుతోంది. దానికి ఇవేవీ చెప్పలేదు, చెప్పను.

మనీషా


ప్లేనో
3 ఏప్రిల్ 2026

మనీషాకి,

నేను రాను. వస్తే పిల్లని వదలలేను. ఎయిర్‌పోర్ట్‌లో గొడవ చేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

నువ్వు రాసిందంతా నిజమే. అటు మాట ఇటు, ఇటు మాట అటు మార్చింది నేనే. మంచికే చేశానని ఇప్పుడు అననులే. మీరు వెళ్ళిపోతారని భయమేసి చేశాను. అంతే.

నీకు పెళ్ళి కాకముందు సంగతి. మేం వచ్చిన కొత్తలో ఈ ఊళ్ళో నాకు మాట్లాడటానికి మనిషి లేక, తమ్ముణ్ణి ఎమ్మెస్‌కి రమ్మని ప్రాణం తీశాను. వాడికి ఇష్టం లేదు. కాకినాడలోనే ఏదో ఒకటి చేసుకుంటానన్నాడు. అమ్మ చేత చెప్పించాను, నాన్న చేత చెప్పించాను. వచ్చాడు. వాడు ఎక్కడో ఇల్లినాయిలో ఉన్నా ఈ దేశంలో ఉన్నాడు కదా, రాత్రి ఫోన్ చేస్తే వాడికీ రాత్రే కదా అని ధైర్యంగా ఉండేది. ఇప్పుడు నాకు రాత్రయితే వాడికి తెల్లవారుతుంది.

నిన్న మీ అన్నయ్యగారితో, మనం కూడా వెళ్ళిపోదామా అండీ అన్నాను. హెడ్‌సెట్ తియ్యకుండానే "ఎక్కడికి?" అన్నారు. ఎక్కడికో నాకూ తెలియలేదు. కాకినాడ ఇల్లు అమ్మేశాం. పాస్‌పోర్ట్ ఇక్కడిదే. కొడుకు ఇక్కడే ఉన్నాడు, ఫోటోల్లో. మీకు వీసా అయిపోయింది, వెళ్తున్నారు. నాకు అయిపోయేదేదీ లేదే మనీషా. నన్ను వెళ్ళిపొమ్మనేవాళ్ళు కూడా లేరు.

నైనికకి పట్టు పరికిణీ పంపాను, దిగేటప్పుడు వెయ్యి, తండ్రి చూస్తాడు. విమానంలో దానికి చెవులు నొప్పెడతాయి, చప్పరించడానికి ఏదైనా దగ్గర పెట్టుకో.

క్షమించొద్దు. ఫోన్ మాత్రం చెయ్యి. దిగాక వాడితో చేయించకు. నువ్వే చెయ్యి.

వదిన